తీరం దాటిన చోటు, మునిగిన చోటు: అవనిగడ్డ ప్రాంత విపత్తు చరిత్రపై ఒక పరిశీలన

దివిసీమలో ‘ఉప్పెన’ అంటే ఏ సంవత్సరమని ఎవరూ అడగరు. 1977 నవంబరు 19, శనివారం. దీవుల్లోని ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన ఆ విపత్తును వాతావరణ రికార్డుల్లో వెతికితే మాత్రం, చీరాల ప్రాంతంలో తీరం దాటిన తుఫానుగా కనిపిస్తుంది. చీరాల నుంచి అవనిగడ్డ అరవై కిలోమీటర్లకు పైగా తూర్పున ఉంది. తుఫాను ఒకచోట దాటింది, జనం మరోచోట మునిగారు. అవనిగడ్డ పరిసరాల ముప్పును అర్థం చేసుకోవాలంటే ఈ దూరం దగ్గరే మొదలుపెట్టాలని ఈ వ్యాసం వాదన.

ముందు నేల సంగతి. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలుతుంది. ఒక పాయ తూర్పుగా హంసలదీవి వైపు, ప్రధాన పాయ దక్షిణంగా సముద్రానికి పోతాయి. ఆ రెంటి మధ్య నది తెచ్చిపోసిన ఒండ్రే దివిసీమ. అవనిగడ్డ సముద్రపు ఒడ్డున లేదు, చీలికకు దగ్గరగా ఉంది. సముద్రపు దెబ్బ ముందుగా తగిలేది నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి పేర్లు 1977 తర్వాతే బయటివాళ్లకు తెలిశాయి. అక్కడి జనానికి ఆసుపత్రి, బస్సు, సంత, సహాయం అన్నీ అవనిగడ్డే. కాబట్టి ఊరి ముప్పును ఊరి పొలిమేరతో కొలవడం కుదరదు.

మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. ఉత్తరంగా సాగే తుఫానుకు కుడివైపున్న గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమవైపుది వెనక్కి లాగుతుంది. 1977లో దివిసీమ కుడివైపున పడింది. ఒండ్రు పేరుకున్న ఈ తీరంలో సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. గాలి తోసిన నీరు కిందికి దిగే దారి లేక పైకి లేస్తుంది. నాడు గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి వెనక సుమారు ఐదు మీటర్ల ఎత్తున వచ్చిన నీరు పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొరబడింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు దాదాపు 10,000. స్థానికుల లెక్క ఇంకా పెద్దది. 2010 మే 20న లైలా, 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. రెండుసార్లూ దివిసీమ మళ్లీ కుడివైపే. వాటి బలం తక్కువ కావడంతో నష్టం చాలావరకు పంటలతోనూ తోటలతోనూ సరిపోయింది. ‘బాపట్ల దగ్గర తీరం దాటుతుంది’ అన్న వార్త వినగానే దివిసీమవాసి ఊపిరి పీల్చుకుంటే, అతను ఆ మాటను తలకిందులుగా అర్థం చేసుకున్నట్టే.

ఇక్కడ పంచాంగాన్ని కూడా సాక్ష్యానికి పిలవవచ్చు. 1977లో దీపావళి అమావాస్య నవంబరు 11న వచ్చింది. ఉప్పెన నాటికి ఎనిమిది రోజులు గడిచాయి, అంటే అష్టమి, నవమి రోజులు. సముద్రపు పోటు మందకొడిగా ఉండే తిథులవి. మరి 1864 నవంబరు 1న బందరును ముంచిన తుఫాను అమావాస్య దాటిన రెండో రోజున, పోటు పెద్దగా ఉండే సమయంలో వచ్చింది. అప్పుడు సుమారు 30,000 మంది పోయారని అంచనా. 1990 మే 9 తుఫాను సరిగ్గా వైశాఖ పౌర్ణమి నాడు కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. చంద్రుడి లెక్కన చూస్తే 1977 కన్నా 1990 చెడ్డరోజు. మృతులు మాత్రం 967. ఈ తీరంలో పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరే కనుక తిథి ఒక్కటే అంతా తేల్చదు. ఏ గంటకు తీరం దాటిందన్నదీ ముఖ్యమే. అయినా 10,000కీ 967కీ మధ్య తేడాను ప్రకృతి దయ ఖాతాలో వేయడానికి తిథులు ఒప్పుకోవు.

తేడా మనుషుల వైపునే ఉంది. 1977లో కబురు రేడియో మీదే ఆధారపడింది. తుఫాను పడమరగా సాగి, చివరి రోజుల్లో ఉత్తరానికి మళ్లింది. వారం ముందే, నవంబరు 12న మరో తుఫాను నాగపట్నం దగ్గర తీరం దాటి ఉంది. ఇదీ అటే పోతుందనుకున్నవారిని తప్పుపట్టలేం. 1990 నాటికి ఇన్సాట్ చిత్రాలున్నాయి, తుఫాను షెల్టర్లు లేచాయి, లక్షన్నరకు పైగా జనాన్ని ముందే తరలించారు. తీరం వెంట సరుగుడు తోటలూ వేశారు గానీ, అంత నీటిని అవి ఆపుతాయనుకోవడం అత్యాశ. మడ అడవులు అలల ఉధృతిని తగ్గిస్తాయన్నది నిజం. అయితే రొయ్యల చెరువులు విస్తరించాక డెల్టాలో మడకు మిగిలిన చోటు తగ్గింది.

రెండో ముప్పు వెనక నుంచి, నది నీటితో వస్తుంది. 2009 అక్టోబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ దాటిన వరద 11 లక్షల క్యూసెక్కులు మించింది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులతో ఆ రికార్డు చెరిగిపోయింది. లంకలు మునిగాయి. కరకట్ట లోపలి ఊళ్లు కట్ట నిలుస్తుందా అని రాత్రంతా కాపలా కాశాయి. ఇక వానలకు, కాలవ నీటికి పొలాల్లో పాముల కన్నాలు నిండిపోతాయి. 2018 ఆగస్టులో పాము కాట్లు వందకు పైగా నమోదయ్యాక మోపిదేవిలో అధికారికంగానే సర్పయాగం జరిపించారు. నవ్వినవాళ్లు నవ్వారు. నేల ఎంత పల్లంలో ఉందో చెప్పడానికి అంతకంటే మంచి కొలమానం నాకు కనబడలేదు.

మూడోది నెమ్మదిగా నడిచే ముప్పు. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాలు కట్టాక ఒండ్రు పైనే ఆగిపోయి, డెల్టా అంచు చాలాచోట్ల వెనక్కి జరుగుతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఒండ్రు పడని డెల్టా తన బరువుకు తానే కుంగుతుంది, ఉప్పునీరు లోపలికి నడుస్తుంది. ఉప్పెన వచ్చిన రోజు సముద్రమట్టం పెరిగితే మురుగు కాలవల్లోకి నీరు ఎదురెక్కుతుంది. వాన నీటికి బయటికి పోయే దారి ఉండదు.

వరద కాలం అక్టోబరు మొదటి రోజుల దాకా సాగుతుంది, పెద్ద తుఫానుల కాలం అదే నెలలో మొదలవుతుంది. సముద్రం నుంచి తప్పించుకునే జనం పైకి, అవనిగడ్డ మీదుగా విజయవాడ వైపు పోవాలి. ఆ దారిలో చాలా భాగం కృష్ణ కరకట్ట మీదే ఉంది. తరలింపు ప్రణాళికలో సముద్రానికి ఒక పేజీ, నదికి ఒక పేజీ వేరువేరుగా రాయవచ్చు. నేల మీద మాత్రం ఆ రెండు పేజీలూ ఆ కరకట్ట రోడ్డు మీదే కలుస్తాయి.