స్నిప్ (ఏక న్యూక్లియోటైడ్ భేదం)

ఒకే జాతి జీవుల జన్యుక్రమంలో ఒకానొక చోట ఒక్క న్యూక్లియోటైడ్ మాత్రమే మారి ఉంటే దాన్ని ఏక న్యూక్లియోటైడ్ భేదం అంటారు. ప్రయోగశాలల్లో వాడుక మాట స్నిప్. డీఎన్‌ఏ రాతలో ఉన్నవి ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలే. ఒకరిలో సి ఉన్న చోట మరొకరిలో టి ఉంటే అదొక స్నిప్. జనాభాలో కనీసం నూటికి ఒకటి చొప్పున కనిపించే తేడాకే ఈ పేరు పెట్టాలన్నది పాత కట్టుబాటు; ఇప్పుడు దాన్ని అంత పట్టుగా పాటించడం లేదు. మనిషి జన్యుక్రమంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. ఎవరిని తీసుకున్నా ప్రామాణిక క్రమంతో పోలిస్తే 40 నుంచి 50 లక్షల చోట్ల తేడా తేలుతుంది. అందులో అత్యధికం స్నిప్‌లే, వాటిలోనూ చాలావాటి వల్ల మంచీ లేదు, చెడూ లేదు.

కొన్ని స్నిప్‌లు మాత్రం నేరుగా ఫలితం చూపిస్తాయి. ఏజెన్సీ గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధికి మూలం బీటా గ్లోబిన్ జన్యువులో ఎ బదులు టి రావడమే. మిగిలినవి ఉత్త ఆనవాళ్లు. క్రోమోజోమ్‌పై దగ్గరదగ్గరగా ఉన్న అక్షరాలు తరతరాలుగా కలిసే సంక్రమిస్తాయి కనుక, ఒకదాన్ని చూసి పక్కదాన్ని పోల్చుకోవచ్చు. రోగులలో, ఆరోగ్యవంతులలో లక్షల స్నిప్‌లను పోల్చి చూసే జన్యు సంబంధ అధ్యయనాలకు ఇదే పునాది. ‘ఫలానా జబ్బుకు జన్యువు దొరికింది’ అని పత్రికలు రాసినప్పుడు చాలాసార్లు దొరికింది ఆనవాలే, అసలు కారణం ఇంకా వెతకాల్సి ఉంటుంది.

తెలుగువారి స్నిప్‌లు ప్రపంచ పట్టికలోకి ఎక్కింది బ్రిటన్ మీదుగా. 26 జనసమూహాల నుంచి 2,504 మంది జన్యుక్రమాలను చదివి 2015లో ఫలితాలు వెలువరించిన ‘వెయ్యి జన్యుక్రమాల ప్రాజెక్టు’లో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు ఒక సమూహం. ఆ ప్రాజెక్టు 8.4 కోట్లకు పైగా స్నిప్‌లను నమోదు చేసింది. అయితే ఆ వందమందిని చూసి అంతర్వేది జాలరి పేటలోనో, పాడేరు కొండల్లోనో ఏముందో చెప్పలేం. మన దగ్గర పెళ్లిళ్లు వేల ఏళ్లుగా కులం లోపలే జరిగాయి కనుక ఒక్కో సమూహానికి తనదైన స్నిప్‌ల మూట ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో 25 సమూహాలకు చెందిన 132 మందిలో ఐదు లక్షలకు పైగా స్నిప్‌లను పరిశీలించి ఈ సంగతి చూపించారు. వారు ఎంచుకున్న సమూహాల్లో ఆంధ్ర వైశ్యులది ఒకటి. బీసీహెచ్‌ఈ అనే జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల ఎంజైమ్‌లో 307వ అమైనో ఆమ్లం ల్యూసిన్ బదులు ప్రోలీన్ అయిన సంగతి ఈ సమాజంలోనే బయటపడింది. ఆ పరిశోధన 2006లో అచ్చయింది. రెండు ప్రతులూ అలాంటివే ఉన్నవారికి మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ బల్ల మీద కండరాలను సడలించే స్కోలిన్ అనే మందు ఇచ్చినప్పుడే చిక్కు; దాన్ని విరిచేది ఈ ఎంజైమే. కొద్ది నిమిషాల్లో వీడాల్సిన మందు ప్రభావం గంటల తరబడి నిలిచి, అంతసేపూ శ్వాస యంత్రం మీదే ఉంచాల్సి వస్తుంది. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు, అంతే.

మనుషుల్లోనే కాదు, పైర్లలోనూ స్నిప్‌లుంటాయి; గోదావరి డెల్టాలోని కోనసీమకు మరింత దగ్గరి ఉదాహరణ వరి. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. ఆ చుట్టుపక్కల పల్లపు చేలల్లో సార్వా నాట్లు పడ్డాక ముసురు పట్టిందంటే, నీరు దిగడం సముద్రపు పోటు మీద, మురుగు కాలువల మీద ఆధారపడుతుంది. నిండా మునిగిన మొక్క ఎలాగైనా నీటిపైకి తల ఎత్తాలని కాడను సాగదీస్తుంది. ఆ ఆరాటంలో దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చవుతుంది. నీరు తీసేసరికి నిలబడే సత్తువ లేక చాపలా పడిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే పాత రకం అలా చేయదు. ఎదుగుదల ఆపేసి, ఉన్నది పొదుపుగా వాడుకుంటూ రెండు వారాలు నీటి కింద బతుకుతుంది. ఈ గుణానికి కారణమైన సబ్1ఎ జన్యువు 9వ క్రోమోజోమ్‌పై ఉందని కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్, పమేలా రోనల్డ్ తదితరులు 2006లో ప్రకటించారు. మునకను తట్టుకునే రకాల ప్రోటీన్‌లో 186వ స్థానంలో సెరీన్, తట్టుకోలేని ఇండికా రకాల్లో ప్రోలీన్ ఉంటాయి. ఈ తేడా ఒక్క అక్షరానిదే. జన్యువు ఎంత జోరుగా పనిచేస్తుందన్నదీ లెక్కలోకి వస్తుంది కనుక ఘనతంతా ఆ అక్షరానికే కట్టబెట్టడం తగదు.

గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ, అంటే ఎమ్‌టీయూ 7029, తూర్పు రాష్ట్రాలన్నీ పండించే రకం. వశిష్ఠ, మసూరి అనే రకాలను కలిపి దీన్ని తెచ్చారు; తల్లిదండ్రుల్లో ఒకదానిది నది పేరే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో స్వర్ణకు సబ్1 (సబ్1ఎ జన్యువున్న భాగం) చేర్చిన పద్ధతిని వివరించే 2007 నాటి పత్రంలో తొలి పేరు హైదరాబాద్ వరి పరిశోధన సంస్థకు చెందిన సి.ఎన్. నీరజది. పదేపదే స్వర్ణతోనే సంకరం చేస్తూ, ప్రతి తరంలోనూ మొక్కల డీఎన్‌ఏ చూసి సబ్1 ఉన్నవీ, మిగతాదంతా స్వర్ణకు దగ్గరగా ఉన్నవీ ఏరుకున్నారు. అప్పట్లో వాడిన గుర్తులు చాలావరకు మైక్రోశాటిలైట్లు, అంటే కొద్ది అక్షరాల వరుస పదేపదే వచ్చే చోట్లు. స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది.

ఇప్పుడు ఆ ఏరివేత స్నిప్‌లతో జరుగుతోంది. ఆకులోంచి చిన్న బిళ్ల కత్తిరించి, 96 గుంటల పళ్లెంలో వేసి డీఎన్‌ఏ తీస్తారు. కాస్ప్ పద్ధతిలో రెండు అక్షరాలకూ రెండు రంగుల కాంతి. తెరమీద ఒక మూల నీలి చుక్కలు, మరో మూల ఎర్ర చుక్కలు, రెండు అక్షరాలూ ఉన్న మొక్కలు మధ్యలో ఆకుపచ్చగా గుంపుకడతాయి. కంకి కోసం నాలుగు నెలలు ఆగాల్సిన పనిలేదు, నారు దశలోనే పనికిరానిది పక్కకు పోతుంది. 2018లో 3,010 వరి రకాల జన్యుక్రమాలను పోల్చి 2.9 కోట్ల స్నిప్‌లను గుర్తించడంతో ఏరుకోవడానికి గుర్తుల కొరత తీరింది.

సబ్1తో తీరని కష్టాలూ ఉన్నాయి. మోకాలి లోతు నీరు వారాల తరబడి నిలిచిపోయే చేలకు దాని వల్ల పెద్దగా ఉపయోగం లేదు. కోతకొచ్చిన చేను తుపాను గాలికి పడిపోతే అసలే లేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టని ధరలతో పాటు నీరు పోని చేల గోడు కూడా వినిపించింది. కాలువ పూడిక తీయడం ఏ జన్యువు వల్లా కాదు. సముద్రం ఒడ్డున ఉప్పు సమస్య మరింత జటిలం. కేరళ పొక్కాలి నుంచి వచ్చిన సాల్టోల్ అనే భాగం 1వ క్రోమోజోమ్‌పై ఉన్నా, ఉప్పును తట్టుకునే శక్తి పలు జన్యువుల మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఒక్కో స్నిప్‌ను విడివిడిగా చూడటం మాని, వేల స్నిప్‌లను ఒకేసారి లెక్కించి ఏ మొక్క తట్టుకుని నిలుస్తుందో అంచనా కట్టే పద్ధతి వైపు పరిశోధకులు మళ్లుతున్నారు.