జొన్న, కంది: జీవితపు రెండు కొసలు

వికారాబాదు దగ్గరి అనంతగిరి అడవులు దాటి తాండూరు వైపు సాగితే నల్లరేగడి చేలు ఎదురవుతాయి. సున్నపురాయి నిక్షేపాలు గల ఈ ప్రాంతం కందికి పేరెన్నిక గన్నది. 2022లో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు లభించింది. 1956 వరకు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. జిల్లాల సరిహద్దులు మారినా ఇక్కడివారి భోజనం మాత్రం జొన్నరొట్టె, కందిపప్పే.

ఈ జోడీలో ఒక రసాయన రహస్యమున్నది. 100 గ్రాముల జొన్నలలో సుమారు 10 గ్రాములు, కందిపప్పులో సుమారు 22 గ్రాములు మాంసకృత్తులు ఉంటాయి. జొన్నలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. కందిలో అది సమృద్ధి. కందిలో తక్కువైన మెథియొనిన్‌ను జొన్న కొంత పూరిస్తుంది. ఒకదాని లోపాన్ని మరొకటి తీరుస్తుందన్నమాట.

మరి ఇటువంటి పంటలు పండే పల్లెలలో పసిపిల్లలు ఎందుకు చిక్కిపోతారు? దీనికి సమాధానం వెదికిన చరిత్ర తెలుసుకోదగినది.

ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టులో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఒక శిశువ్యాధిని 1933లో వర్ణించి, 1935లో దాని స్థానిక నామమైన ‘క్వాషియార్కర్’ను లోకానికి తెలిపింది. తల్లికి మరో కాన్పు కాగానే చనుబాలు మానిన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అది. కాళ్లు ఉబ్బుతాయి, జుట్టు రంగు మారుతుంది. మాంసకృత్తుల కొరతే కారణమని, పాలపొడి వంటివి పంచడమే మందని ఆనాడు ప్రపంచమంతటా నమ్మారు.

1918లో కూనూరులో మెకారిసన్ నెలకొల్పిన పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో అదే జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ డాక్టర్ సి. గోపాలన్ 1968లో ప్రకటించిన విషయం ఆ నమ్మకాన్ని కదిలించింది. ఇంచుమించు ఒకే విధమైన ఆహారం తిన్న పిల్లలలోనే కొందరు ఎండిపోయారు, కొందరు ఉబ్బారు. వ్యాధి కారణాలపై చర్చ నేటికీ ముగియలేదు. కాని ధాన్యం, పప్పు కలిసిన వాడుక ఆహారమే చాలినంత తింటే మాంసకృత్తులు చాలావరకు సమకూరుతాయని, పెద్ద కొరత మొత్తం తిండిలోనే ఉన్నదని తేలింది.

ఆ అవగాహన నుండి పుట్టినదే ‘హైదరాబాదు మిశ్రమం’. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగలు 10, బెల్లం 20 కలిపితే సుమారు 330 కేలరీల శక్తి, 11 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. ఇందులో పల్లె సంతలో దొరకని వస్తువు లేదు.

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు చాలును. ఆ పిమ్మట అసలు చిక్కు మొదలవుతుంది. ఏడాదిలోపు బిడ్డకు కిలో బరువుకు రోజుకు సుమారు 80 కేలరీలు కావాలి. కడుపు మాత్రం చిన్నది. పలుచని అంబలి ఆ కడుపును నింపుతుందే గాని ఒంటికి పట్టదు. మెత్తని జొన్న గట్కలో కందిపప్పు, కొంచెం నూనె కలిపి, రోజుకు పలుమార్లు పెట్టవలసిన కారణమిదే. మొలకెత్తిన ధాన్యపు పిండిలోని ఎంజైములు గంజిపదార్థాన్ని విడగొడతాయి. కనుక ఆ పిండి కలిపితే, నీరు పోయకనే గట్క జారుగా అవుతుంది.

వృద్ధాప్యంలో లెక్క తలక్రిందులవుతుంది. కిలోకు సుమారు 30 కేలరీలు చాలును. కాని మాంసకృత్తుల అవసరం తగ్గదు. పళ్లూడిన ముసలివారు రొట్టె నమలలేక చారు, అన్నంతో సరిపెట్టుకొంటారు. క్రమంగా కండ కరుగుతుంది, నడక తడబడుతుంది. వారికి కూడా మెత్తగా ఉడికిన పప్పు, ఆకుకూర, వీలైతే పాలు, గుడ్డు కావాలి.

బిడ్డకు పళ్లు పూర్తిగా రాలేదు, తాతకు ఊడిపోయాయి. ఇంటిల్లిపాదికీ వండిన పప్పులో వీరిద్దరి వంతు ముందుగా తీసి, మరికాస్త మెత్తగా మెదిపితే చాలును. అందులో ఖర్చు కన్న శ్రద్ధ పాలే ఎక్కువ.