అత్తగారి సీటు

అమీర్‌పేటలో ఉండేవాళ్ళకి పంజాగుట్ట అంటే పక్కవీధి లాంటిది. మెట్రో రైలెక్కితే ఒక్కటే స్టేషను. కూర్చునేలోపే దిగాల్సివస్తుంది. అలాంటిది, ఆమధ్య ఓ ఆరునెలలపాటు ఆ కాస్త దూరమూ నాకు కాశీయాత్ర అయిపోయింది.

మా అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనయ్యాక వారానికి మూడుసార్లు పంజాగుట్ట తీసుకెళ్ళి వ్యాయామ చికిత్స చేయించాలన్నారు డాక్టరు. ఆవిడతోపాటు ఆవిడ చక్రాల కుర్చీ కూడా బయల్దేరేది.

అత్తగారితో నాకే ఇబ్బందీ లేదండీ. వచ్చిన చిక్కల్లా ఆ కుర్చీతోనే. మడిస్తే చిన్న పెట్టె అయిపోతుందన్నాడు అమ్మినవాడు. అయింది, కాదనను. కానీ పదహారు కిలోల పెట్టె! దాన్ని మా చిన్నకారు డిక్కీ అంచు దాటేదాకా పైకెత్తాలి, మళ్ళీ నడుం వంచి జానెడు లోతుకి దింపాలి. ఇంటి దగ్గర ఎక్కించడం, అక్కడ దించడం, మళ్ళీ అక్కడ ఎక్కించడం, ఇక్కడ దించడం... రాకపోకలకి నాలుగుసార్లు. వారానికి పన్నెండు. నెల తిరిగేసరికి, అత్తగారి పక్కన ఇంకో కుర్చీ కొనాల్సివస్తుందేమో అనిపించింది.

పోనీ టాక్సీ పిలుద్దామా అంటే, సగం టాక్సీల డిక్కీలో గ్యాసు సిలిండరు కాళ్ళు చాపుకుని పడుకునుంటుంది. "కుర్చీ పట్టదు మేడమ్" అని అబ్బాయిలు మొహమాటంగానే చెప్పి వెళ్ళిపోయేవారు.

చివరికి మా అపార్టుమెంటులో బీరువాలు చేస్తున్న కార్పెంటరు చూసి జాలిపడ్డాడు. "గింత లోతు ఎందుకమ్మా, నడుము పోతది. లోపట ఒక పలక ఏస్త. అంచుకు సమానంగ. కుర్చీ ఎత్తేది లేదు, జరిపితే పోతది" అన్నాడు.

సాయంత్రం మావారికి చెబితే నవ్వారు. "ఉన్న జాగాయే చాలక ఏడుస్తుంటే అందులో అడుగు ఎత్తు చేయించి ఇంకా తగ్గించుకుంటావా? ఏమిటి ప్రయోజనం?"

ఏమిటి ప్రయోజనం? నిజంగానే జవాబు తోచలేదు. బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి, నాకు జవాబు తోచనప్పుడల్లా వెనక్కి వెళ్ళి వెతకడం అలవాటు. ఈసారి కారు వెనక్కే వెళ్ళాను!

మొదట పేర్ల సంగతి చూడండి. కారు వెనక సామానుపెట్టెని ఇంగ్లీషువాళ్ళు బూట్ అంటారు. అది చెప్పు సంబంధం కాదు. గుర్రబ్బగ్గీలో తోలేవాడి పీట కింద సామాన్లు పెట్టుకునే అరకి ఆ పేరుండేది. అమెరికా వాళ్ళు ట్రంక్ అంటారు. తొలినాళ్ళ కార్లకి లోపల సామాను చోటు ఉండేది కాదు కనక వెనకాల నిజంగానే ఒక ట్రంకుపెట్టె పెట్టి పట్టీలతో బిగించేవారు. మనం హాస్టలుకి మోసుకెళ్ళామే, తాళం కప్పతో, మూతమీద పేరు రాయించుకుని... సాక్షాత్తూ ఆ ట్రంకుపెట్టే.

మరి మన డిక్కీ? అది మనుషులు కూర్చునే చోటండీ! బగ్గీ వెనకాల నౌకర్లు కూర్చునే పీటని ఆ పేరుతో పిలిచేవారు. తర్వాత మోటారుకార్లలో, ముఖ్యంగా 1920, 30లలో, ముందు ఇద్దరికే సీటున్న బండ్లకి వెనక మూత తెరిస్తే ఇంకో సీటు బయటికొచ్చేది. దానిమీద కప్పు లేదు. ఎండా, వానా, దుమ్మూ అన్నీ అక్కడ కూర్చున్నవాళ్ళవే. ముందున్న దంపతుల మాటలు వాళ్ళకి వినపడవు, వాళ్ళ మాటలు వీళ్ళకి వినపడవు. ఆ సీటుకి అమెరికాలో వేళాకోళంగా పెట్టిన పేరేమిటో తెలుసా? 'అత్తగారి సీటు'! జర్మన్లూ సరిగ్గా అదే మాట అన్నారు. కోడళ్ళ హాస్యమో, అల్లుళ్ళ హాస్యమో గాని, సముద్రాలు దాటినా బుద్ధులు ఒకటే సుమండీ!

కార్లన్నిటికీ కప్పులు వచ్చాక ఆ సీటు పోయింది. అత్తగారు లోపలికొచ్చారు, సామాను వెనక్కి వెళ్ళింది. పేరు మాత్రం మన దేశంలో ఆ పెట్టెనే అంటిపెట్టుకుంది.

ఎవరిని ఎక్కడ కూర్చోబెడతామన్నది కూడా చరిత్రే కదా. మన హైదరాబాదునే తీసుకోండి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఒక రోల్స్‌రాయిస్ కారుకి ఆర్డరిచ్చారు. అది ఊరు చేరకముందే, 1911లో ఆయన కాలం చేశారు. కారు ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కి దక్కింది. పసుప్పచ్చటి ఆ కారుని చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకి పెట్టారు. వెనకసీటు సీటులా ఉండదు, సింహాసనంలా ఉంటుంది. ప్రభువు కోసం కారులో ఎత్తు చేయించారు అప్పుడు. పదహారు కిలోల కుర్చీ కోసం మేం చేయించుకుంటే తప్పేముంది?

సరే, ఈ రెండో అడుగు అనేది ఎక్కణ్ణుంచి వచ్చింది? దానికి కారణం ఒక చక్రం. తొలి కార్లకి అదనపు చక్రం ఉండేది కాదు. దారిలో టైరు పేలితే అక్కడే చతికిలబడి, టైరు ఊడదీసి, ట్యూబుకి అతుకేసి, గాలికొట్టి, మళ్ళీ ఎక్కించాలి. 1904లో వేల్స్ దేశంలో లనెల్లీ అనే ఊళ్ళో డేవిస్ అనే అన్నదమ్ములు ఒక ఉపాయం కనిపెట్టారు. గాలికొట్టి సిద్ధంగా ఉంచిన టైరుని, ఆకులు లేని ఒట్టి చట్రంతో సహా, పంక్చరైన చక్రానికి పక్కనే బిగించెయ్యడం. వాళ్ళ దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. వీధి పేరే సరుకు పేరైంది. సరుకు దేశదేశాలకీ వెళ్ళింది. ఆ కంపెనీని లోకం మర్చిపోయినా, మన మెకానిక్కులు మాత్రం ఈనాటికీ 'స్టెప్నీ' అనే అంటున్నారు. (ఆ మాటకి మగవాళ్ళు వేళాకోళంగా కల్పించిన ఇంకో అర్థం ఉంది. అది నేను చెప్పను, మీకు తెలుసు.)

ఆ అదనపు చక్రాన్ని ఎక్కడ పెట్టాలి? మొదట్లో బండి పక్కన తగిలించారు, తర్వాత వీపున వేలాడదీశారు. ఆ తర్వాత డిక్కీలోకి చేర్చారు. నిలబెడితే చోటు తింటుంది. పడుకోబెట్టి పైన ఒక పలక వేస్తే? 1948లో వచ్చిన మారిస్ మైనర్ కారులో అలాగే చేశారు. అడుగున చక్రం, పైన పలక, పలకమీద సామాను. పైన ఉన్నది ఈ ప్రయాణానికి. కింద ఉన్నది ఏదో ఒకనాడు వచ్చే చెడ్డఘడియకి.

ఇది చదివేసరికి నాకు మా అమ్మమ్మగారి భోషాణం గుర్తొచ్చింది. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. ఇద్దరు పడుకునేంత చెక్కపెట్టె. పగలు పెట్టె, రాత్రి మంచం. పైఅరలో రోజూ తీసేవి, పెట్టేవి. దాని పలక ఎత్తితే అడుగున ఇంకో అర. అందులో వెండిగ్లాసులు, దస్తావేజులు, పసుపు బట్టలో కట్టిన నాలుగు కాసులు. "ఎందుకమ్మమ్మా రెండు అరలు, ఒక్కటే పెద్దది చేయించుకుంటే ఎక్కువ పట్టును కదా?" అని అడిగితే, "రోజూ వాడేదీ, ఎప్పుడో వాడేదీ ఒకచోట పెడితే, ఎప్పుడో వాడేది రోజూ ఖర్చయిపోతుందే పిచ్చిదానా" అనేది. మావారి ప్రశ్నకి జవాబు మా అమ్మమ్మ ఎన్నడో చెప్పేసింది!

ఆడవాళ్ళకి ఇది కొత్త విద్య కాదు. పల్లెల్లో గాదెని నేలకి ఆనకుండా రాళ్ళమీద ఎత్తుగా నిలబెట్టింది చెమ్మా ఎలుకలూ తగలకూడదనే. గడ్డి పరిచి జొన్నలు పోసి, పైన మట్టికప్పి నేలలో పాతరవేసింది కరువురోజు కోసమే. ఎత్తు చెయ్యడం, అడుగున దాచడం... ఈ రెండూ కలిస్తేనే ఆ డిక్కీ పలక.

ఇప్పుడు కార్లలో ఆ అడుగుభాగానికే గండం వచ్చింది. 1950లలో మొదలై 2014 దాకా తయారైన అంబాసిడర్ డిక్కీలో పెళ్ళిసామాను మొత్తం పట్టేది. 1983లో మారుతి వచ్చి మధ్యతరగతికి కారునిచ్చింది గాని, డిక్కీ మాత్రం పోపులపెట్టె అంత ఇచ్చింది. 2020లో ప్రభుత్వం నిబంధన సడలించింది. ట్యూబు లేని టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చరు పూడ్చే సరంజామా ఉంటే చిన్నకార్లకి అదనపు చక్రం తప్పనిసరి కాదంది. చోటు మిగులుతుంది, నిజమే. కానీ టైరు పక్కన చీలితే ఆ సరంజామా సాయపడదు.

ఇంకోవైపు మంచి కూడా జరిగింది. టాక్సీ డిక్కీలో పడుకున్న ఆ పెద్ద సిలిండరుందే, దానికి బదులు రెండు చిన్న సిలిండర్లు పెట్టి, వాటిమీద పలక పరిచిన కారుని 2023లో టాటావాళ్ళు తీసుకొచ్చారు. ముప్ఫయ్యేసి లీటర్లవి రెండు సిలిండర్లూ కిందికి పోయాయి, పైన సూట్‌కేసుకి చోటు దొరికింది. మరుసటి ఏడాదే మరో కంపెనీ కూడా ఆ దారి పట్టింది. అమీర్‌పేటలో కోర్సులు చదివి అమెరికా వెళ్ళే పిల్లల తల్లులకి ఆ విలువ తెలుస్తుంది. ఇరవైమూడేసి కిలోల పెట్టెలు రెండు, అందులో సగం ఆవకాయే!

అన్ని మంచి విద్యల్లాగే దీనికీ చెడ్డ వాడకం ఉంది. కార్లలో దొంగ అరలు చేయించి గంజాయి తరలిస్తూ దొరికిపోయినవాళ్ళ వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. ఏం చేస్తాం! భోషాణంలో అమ్మమ్మ కాసులూ దాచవచ్చు, దొంగసొత్తూ దాచవచ్చు. తప్పు పలకది కాదు.

మొత్తానికి పలక వేయించాను. మీలో ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను. ముందు డిక్కీలో పాత న్యూస్‌పేపర్లు పరిచి, మూలలు మడిచి, సరిగ్గా ఆ ఆకారానికి కత్తిరించాడు కార్పెంటరు, జాకెట్టుకి కొలత తీసినట్టు. ఆ కాగితం ప్రకారం పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు కోశాడు. అంచుకి సమానంగా వచ్చేలా కింద చెక్కకాళ్ళు. పైన పాత తివాచీ ముక్క అంటించి, ఎత్తడానికి ఒక తోలుపట్టీ. పలక కదలకుండా బిగించాలి, పైన పెట్టిన సామానుకి బెల్టు కట్టాలి. సడెన్‌గా బ్రేకు పడితే కుర్చీ వచ్చి మన వీపునే తగులుతుంది మరి.

వెనకసీటు ఒకవైపు మడిచేస్తే, పలకా సీటూ ఒకే ఎత్తుకి వచ్చాయి. కుర్చీ చక్రాలు అంచుకి ఆనించి ఒక్కతోపు తోస్తే చాలు, ఉయ్యాలబల్లలా లోపలికి జారిపోయింది. ఎత్తి దింపే శ్రమలో సగం, ఆ దింపడమే పోయింది. నా నడుం నాకు తిరిగొచ్చింది. డిక్కీ చిన్నదయిన మాట నిజమే, కానీ అది నా చేతికి అందింది. చేతికి అందని పెద్దచోటుకంటే అందే చిన్నచోటు మేలు కాదంటారా?

ఆరునెలలు గడిచాయి. అత్తగారు చేతికర్రతో నడవసాగారు. కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశాం. ఒకరోజు ఆఖరిసారి డాక్టరుకి చూపించి, దారిలో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే పంజాగుట్ట దాటకముందే టైరు పంక్చరయింది. పక్కన ఆగిన ఆటో అబ్బాయి సాయం వచ్చాడు. కూరలసంచులు దించి, తోలుపట్టీ పట్టుకుని పలక ఎత్తాను.

స్టెప్నీ పక్కన, జాకీకి ఆనుకుని, ఒక గుడ్డసంచి. నేను పెట్టింది కాదు. విప్పి చూశాను. మడత విప్పని వెంకటగిరి చీర, కవరులో కొన్ని అయిదువందల నోట్లు, అత్తగారి చేతిరాతతో బంధువుల ఫోన్ నంబర్లు.

"ఇదేమిటత్తయ్యా?"

ఆవిడ ముందుసీట్లోంచి తల తిప్పకుండానే అన్నారు. "ఆ రోజుకమ్మాయ్. అర్ధరాత్రో అపరాత్రో అయితే నువ్వు బీరువాలు వెతుక్కుంటూ ఏం కంగారుపడతావని, పలక వేసిననాడే కార్పెంటరు చేత పెట్టించాను. స్టెప్నీ లాంటిదే అనుకో. ఉండాలి. వాడాల్సిన పని త్వరగా రాకూడదు, అంతే."

నాకు నోట మాట రాలేదు. ఆరునెలలు నా నడుం గురించే ఆలోచించుకున్నాను నేను. నేను వంగి వంగి ఎత్తుతుంటే ముందుసీట్లో కూర్చున్న ఆవిడ ఏమాలోచిస్తున్నారో నాకు తట్టలేదు.

ఆటో అబ్బాయి చక్రం మార్చాడు. పంక్చరైనది కింద పెట్టించాను. సంచి మూతి మళ్ళీ బిగించి, ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే పెట్టి పలక మూశాను. పైన కూరలు సర్దాను.

"టమాటాలు అడుగున పెట్టావేమో చూడు, నలిగిపోతాయి" అన్నారు అత్తగారు.

పైనే పెట్టానని చెప్పి బండి స్టార్టు చేశాను.