గోడ మీది నలుపు

పోయిన నెల ప్రొద్దుటూరులో మా అన్నయ్య కొత్తింటికి వెళ్ళాను. ముందు గదిలో సోఫాకు పైన పెద్ద పటం. చామనఛాయ కూడా కాదు, అచ్చమైన నల్లటి ఆడమనిషి. నుదుట రూపాయిబిళ్ళంత కుంకుమ, ఎర్రచీర, మెడనిండా నగలు. మా మేనత్త దాన్ని ఎగాదిగా చూసి, "ఆ మెడలో సొమ్ములు ఎన్ని తులాలుంటాయ్ మే?" అంది. బంగారానికి పేరుపడ్డ ఊరు కదండీ, బొమ్మనైనా త్రాసులో పెట్టందే వదలరు!

అది తోట వైకుంఠంగారు వేసిన బొమ్మకు అచ్చు ప్రతి. ఆయన మా సీమవారు కారు. 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. చిన్నప్పుడు ఊళ్ళోకి నాటకాలవాళ్ళు వచ్చేవారు. మగవాళ్ళే చీర చుట్టి, బొట్టు దిద్ది ఆడవేషాలు కట్టేవారు. ఆ వేషాలు పిల్లవాడి మనసులో ముద్ర వేశాయి. ఇంట్లో సరేసరి, అమ్మ ఉంది. తన బొమ్మలకు మూలం అమ్మేనని ఆయనే చెప్పుకున్నారు.

హైదరాబాదులో చిత్రకళ చదివి, బరోడా వెళ్ళి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. జానపద కళను చిన్నచూపు చూడని గురువు ఆయన. పుట్టిన పల్లెను దాచుకోనక్కర్లేదన్న ధైర్యం వైకుంఠంగారికి అక్కడే వచ్చి ఉంటుందని నా ఊహ. మొదట్లో బొగ్గుతో గీసిన గీతలు, తర్వాత ఎరుపులు, పసుపులు, కాషాయాలు. రంగుల్ని కలిపి నీరసం చేయడం ఆయనకు గిట్టదు.

ఒక్క ఫిర్యాదు ఉంది నాకు. నేను చూసిన ఆయన బొమ్మల్లో ఆడవాళ్ళు ఎప్పుడూ పేరంటానికి బయల్దేరినట్టే ఉంటారు. నాట్లేసి నడుం పట్టుకున్న మనిషి ఏదీ? అలాగని ఆయనకు ఆ బతుకు తెలియదనలేం. దొరల గడిలో నలిగిపోయిన ఆడదాని కథ, బి. నర్సింగరావుగారి 'దాసి' సినిమా (1988)కు కళాదర్శకుడు ఆయనే. దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది.

ఆ పటం చూస్తే పులివెందులలో మా పిన్ని గుర్తొస్తుంది. అదే నలుపు, అదే కుంకుమ. పెళ్ళిలో మా తాత ఆమెకు అక్కచెల్లెళ్ళ కంటే పది తులాలు ఎక్కువ పెట్టాడు. ప్రేమకొద్దీ అనుకునేదాన్ని. రంగుకు తూకం వేశాడని పెద్దయ్యాక తెలిసింది.

నేనున్నప్పుడే మా మేనకోడల్ని చూడ్డానికి జమ్మలమడుగు నుంచి వచ్చారు. పిల్లవాడి తల్లి సరిగ్గా ఆ పటం కిందే కూర్చుని కాఫీ తాగింది. "ఎంత కళగా ఉండాదమ్మా ఈ బొమ్మ! ఎంత పడింది?" అని అడిగింది కూడా. నాలుగు రోజులకు కబురొచ్చింది. పిల్ల చదువు, పద్ధతి అన్నీ నచ్చాయట. రంగే కాస్త తక్కువట.

"ఇంకో పది తులాలు పెడతామని చెప్పి చూడరాదూ" అంది మా మేనత్త.

అన్నయ్య ఫోను చేతిలోకి తీసుకున్నాడు. లోపలి నుంచి పిల్ల వచ్చి, "అడగొద్దు నాయనా" అంది.