వెల్డర్ కన్ను: సింధియా యార్డు నుంచి ఆటో డార్క్ హెల్మెట్ దాకా



చిన్నప్పుడు ఇంటి ముందు గేటుకో గ్రిల్‌కో వెల్డింగ్ జరుగుతుంటే, ఇంట్లో పెద్దవాళ్ళు మనల్ని ఏమనేవారు? "అటు చూడకురా, కళ్ళు పోతాయి" అనేవారు కదా. మనం చూడకుండా తల తిప్పుకునేవాళ్ళం. మరి వెల్డింగ్ చేసే ఆ మనిషి సంగతేంటి? ఆయన చూడకపోతే పని జరగదు, చూస్తే కన్ను ఉండదు. ఇవాళ్టి ఎపిసోడ్ ఈ చిక్కుముడి గురించే. ఈ కథ చెప్పుకోవడానికి మన విశాఖపట్నం కంటే మంచి ఊరు లేదు, ఎందుకంటే ఈ ఊరు ఇనుముని అతికించి బతికిన ఊరు.

విశాఖలో సిటీ బస్సు ఎక్కితే "సింధియా, సింధియా" అని కండక్టర్ అరుస్తాడు. అది గ్వాలియర్ రాజుల పేరని చాలామంది అనుకుంటారు. అంతవరకు తప్పు కాదు గానీ, మన ఊరికి ఆ పేరు వచ్చింది ఒక ఓడల కంపెనీ వల్ల. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. వాల్‌చంద్ హీరాచంద్ దాని పెద్ద. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడ షిప్‌యార్డుకి శంకుస్థాపన చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1948 మార్చి 14న, 8 వేల టన్నుల 'జల ఉష' ఓడని జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడే నీళ్ళలోకి దింపారు. 1952లో ప్రభుత్వం మెజారిటీ వాటా తీసుకుంది, హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. 1961లో పూర్తిగా ప్రభుత్వానిదే అయింది. కంపెనీ వెళ్ళిపోయినా బస్టాపుకి పేరు మాత్రం మిగిలింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. జల ఉష కట్టిన కాలంలో ప్రపంచం మొత్తం ఓడల పనిలో ఒక పెద్ద మార్పు జరుగుతోంది. అంతకు ముందు ఓడంటే రివెట్టు. ఎర్రగా కాల్చిన రివెట్టుని రంధ్రంలో పెట్టి, అవతల ఒకడు అదిమి పట్టుకుంటే, ఇవతల ఒకడు సుత్తితో కొట్టేవాడు. రోజంతా ఆ మోత. రివెట్టు పనివాళ్ళకి, బాయిలర్ పనివాళ్ళకి చెవుడు రావడం ఎంత మామూలంటే, ఇంగ్లీషులో దానికి 'బాయిలర్ మేకర్ చెవి' అని ఒక పేరే ఉంది.

ఆ రివెట్టుని తప్పించింది ఆర్క్ వెల్డింగ్. 1904లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఆస్కార్ షెల్‌బెర్గ్ అనే ఇంజనీరు ఇసాబ్ అనే కంపెనీ పెట్టాడు. ఓడల మీద బాయిలర్లు రిపేర్ చేయడమే ఆయన పని. ఇవాళ మన వెల్డర్లు 'రాడ్డు' అంటారే, పైన పూత ఉన్న ఎలక్ట్రోడ్, అది ఆయన చేతిలో పుట్టిందే. 1920లో ఇంగ్లండ్‌లో 'ఫుల్లగర్' అనే ఓడని ఒక్క రివెట్టు లేకుండా, మొత్తం వెల్డింగ్‌తోనే కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా 2,700 పైచిలుకు లిబర్టీ ఓడలు కట్టగలిగిందంటే, దానికి ముఖ్య కారణాల్లో వెల్డింగ్ ఒకటి.

అంటే రివెట్టు చెవిని తీసుకుంది. వెల్డింగ్ వచ్చి కన్ను అడిగింది.

ఎలా అడిగిందో చూద్దాం. ఆర్క్ వెలుగులో మనకి కనిపించేది కొంతే. కనిపించని అల్ట్రావయొలెట్ కిరణాలు కూడా ఉంటాయి. ఇవి కంటి ముందు పొరని, అంటే కార్నియాని, కాలుస్తాయి. ఎండలో చర్మం కమిలినట్టే అన్నమాట. తమాషా ఏంటంటే, అప్పటికప్పుడు ఏమీ తెలీదు. ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నాక, ఏ అర్ధరాత్రో మొదలవుతుంది. కంట్లో ఇసుక పోసి రుద్దినట్టు ఉంటుంది. నీళ్ళు కారిపోతాయి, లైటు వేస్తే భరించలేం. చాలా ఇళ్ళలో బంగాళాదుంప ముక్కలు పెట్టుకుంటారు, పాలచుక్కలు వేస్తారు. దయచేసి కంట్లో ఏదీ పోయకండి, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ తగ్గింది కదా అని నెలకి రెండుసార్లు రానిస్తే ఎలా? 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ, వెల్డింగ్ నుంచి వచ్చే అల్ట్రావయొలెట్‌ని, వెల్డింగ్ పొగని, మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో మొదటి గ్రూపులో పెట్టింది.

మరి నల్ల అద్దం లేదా అంటారా? ఉంది. చట్టం కూడా ఉంది. జల ఉష నీళ్ళలో దిగిన అదే 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. దాని 35వ సెక్షన్ పూర్తిగా కళ్ళ రక్షణ గురించే. 10 నంబర్, 11 నంబర్ నల్ల అద్దాలు, చేత్తో పట్టుకునే హ్యాండ్ షీల్డులు, తలకి పెట్టుకునే హెల్మెట్లు, అన్నీ వచ్చాయి. అయినా కళ్ళు కాలుతూనే ఉన్నాయి. ఎందుకని?

ఒక్కసారి వెల్డర్ చోట్లో నిలబడి చూడండి. 10 నంబర్ అద్దంలోంచి ఆర్క్ వెలగకముందు ఏమీ కనపడదు, చిమ్మచీకటి. రాడ్డు మాత్రం సరిగ్గా జాయింటు మీదే తగలాలి, పక్కన తగిలితే ప్లేటు మీద మచ్చ. అందుకని ముందు షీల్డు తీసి చూస్తాడు, రాడ్డు పొజిషన్‌లో పెడతాడు, తర్వాత తల ఊపి హెల్మెట్ దించుతాడు. ఆ ఊపులో చెయ్యి కదిలిపోతుంది. పొడుగు వెల్డింగ్‌కైతే పర్లేదు. ట్యాకింగ్ సంగతేంటి? ముక్కలు నిలబెట్టడానికి చిన్న చిన్న చుక్కలు, రోజుకి కొన్ని వందలు. ప్రతి చుక్కకీ తల ఎత్తడం, దించడం అంటే మెడ పోతుంది. "షీల్డ్ పెట్టుకో అన్నా" అని హెల్పర్ అంటే, "రాడ్డెక్కడ పెట్టాలో కనపడాలి కదేటి, తమ్ముడూ" అంటాడు. కళ్ళు మూసుకుని చుక్క వేసేస్తాడు. కానీ కన్ను మూయడం ఒక క్షణం ఆలస్యమైతే చాలు.

అతనిది నిర్లక్ష్యం అని తేల్చేయడం చాలా తేలిక. కానీ నిజానికి ఆ నల్ల అద్దమే అతన్ని ఒక మాట అడిగింది: "పని సరిగ్గా రావాలా, కన్ను కావాలా? ఒకటి ఎంచుకో" అని. కూలీ పనిని బట్టి వచ్చే మనిషి ఏది ఎంచుకుంటాడో మనకి తెలుసు.

ఈ ప్రశ్ననే రద్దు చేసిన వస్తువు మళ్ళీ స్వీడన్ నుంచే వచ్చింది. 1981లో అక్కడి హోర్నెల్ కంపెనీ 'స్పీడ్‌గ్లాస్' పేరుతో తనంతట తానే నల్లబడే అద్దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. 2004లో ఆ కంపెనీని 3ఎం కొనేసింది. అందులో వాడింది ఏంటో తెలుసా? లిక్విడ్ క్రిస్టల్. పాత క్యాలిక్యులేటర్లో, డిజిటల్ వాచీలో, ఎల్‌సీడీ ఫోన్ స్క్రీన్లో ఉండేదే.

ఎలా పనిచేస్తుందంటే, పోలరైజర్లనే ప్రత్యేకమైన రెండు పొరల మధ్య లిక్విడ్ క్రిస్టల్ ఉంటుంది. కరెంటు లేనప్పుడు అది వెలుగుని మెలితిప్పి అవతలికి పంపిస్తుంది, అద్దం లేత రంగులో ఉంటుంది. ముందున్న సెన్సర్లు ఆర్క్‌ని పసిగట్టగానే కరెంటు వెళ్తుంది, మెలిక పోతుంది, వెలుగు ఆగిపోతుంది. చాలా హెల్మెట్లలో ఇదంతా సెకనులో 25 వేలవ వంతులో అయిపోతుంది. మన రెప్ప పడటానికి సెకనులో ఐదో వంతు అనుకున్నా, అద్దం 5 వేల రెట్లు ముందుంది.

ఇంకో అనుమానం చాలామందికి ఉంది: "బ్యాటరీ అయిపోతే కన్ను పోతుందా?" సరైన ప్రమాణాలతో చేసిన అద్దంలో అల్ట్రావయొలెట్‌ని, ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, నల్లబడినా నల్లబడకపోయినా. నల్లబడేది కనిపించే వెలుగు కోసం. అది ఆగకపోతే కళ్ళు జిగేల్‌మంటాయి, వెంటనే పని ఆపేయాలి. అందుకే మార్క్ చూసి కొనాలి, సెన్సర్లకి పైపో చెయ్యో అడ్డం రాకుండా చూసుకోవాలి, పని మొదలుపెట్టే ముందు టెస్ట్ చేసుకోవాలి.

ఒక్క తేదీ చూడండి. స్వీడన్‌లో ఆ అద్దం వచ్చిన మరుసటి సంవత్సరం, 1982 ఫిబ్రవరిలో, విశాఖ ఉక్కు కోసం రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీ. 1990లో 'గోదావరి' బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది, 1992లో ప్రధాని పి.వి. నరసింహారావు ప్లాంటుని జాతికి అంకితం చేశారు. ప్లేటు ప్లేటూ అతికిస్తేనే అంత ప్లాంటు లేచింది. ఆ రోజులకి కంటిని కాపాడే అద్దం ప్రపంచంలో పుట్టేసింది. కానీ వస్తువు పుట్టడం వేరు, అది మన వీధిలో పనివాడి తలకెక్కడం వేరు.

ఇప్పుడు అది ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకే దొరుకుతోంది. అయినా గాజువాక ఆటోనగర్ వైపో, మీ ఊళ్ళో గ్రిల్ షాపుకో వెళ్ళి చూడండి. మామూలు నల్ల కళ్ళద్దాలతో, ఒక్కోసారి అది కూడా లేకుండా వెల్డింగ్ చేసేవాళ్ళు కనిపిస్తారు. 1948 చట్టం ప్రకారం, కరెంటు వాడే చోట పదిమంది పనిచేస్తేనే ఫ్యాక్టరీగా లెక్కేసేవారు. ముగ్గురుండే షాపుకి అది వర్తించేది కాదు. చట్టం ఆగిపోయిన చోట ఓనరు ఖర్చు పెట్టాలి. లేదా పనివాడే కొనుక్కోవాలి.

ఇంకో మనిషిని కూడా మర్చిపోకూడదు: హెల్పర్. ముక్క పట్టుకుని పక్కన నిలబడేది అతనే. హెల్మెట్ వెల్డర్‌కి ఉన్నా అతనికి ఉండదు. ఏ సెన్సరూ అతని కోసం నల్లబడదు. అతనికీ ఒక అద్దం కావాలి, దారిన పోయేవాళ్ళకి ఒక తెర కావాలి.

మీ ఇంటికి గేటు చేయించేటప్పుడు ఇనుము కేజీ ఎంతని బేరం ఆడతాం కదా. ఈసారి ఇంకో మాట కూడా అడగండి: "అన్నా, మీకు హెల్మెట్ ఉందా? తమ్ముడికి ఉందా?" అని. చిన్నప్పుడు మనకి తల తిప్పుకోమని చెప్పారు, బాగానే ఉంది. ఇప్పుడు పెద్దవాళ్ళం అయ్యాం, తల తిప్పుకోలేని మనిషి గురించి కూడా అడగాలి కదా.