న్యాయసభకు పిలుపు

న్యాయవిచారణ ఒక్కని బుద్ధికి విడువరాదని మన పూర్వులెరుగుదురు. రాజు స్వయముగా చూడజాలనప్పుడు విద్వాంసుడొకడు ముగ్గురు సభ్యులతో గూడి వ్యవహారములను పరిశీలింపవలెనని మనువు విధించెను. ఆంగ్లేయుల జూరీ మన దేశమునకు వచ్చినప్పుడు దాని రూపము క్రొత్తదేగాని, అందలి యూహ మనకు పూర్తిగా పరాయిది కాదు.

కర్నూలు నవాబు రాజ్యము 1839లో కుంపిణీ వశమయ్యెను. 1858లో ఏర్పడిన కర్నూలు జిల్లాలో నంద్యాల, ఆళ్లగడ్డ చేరియుండెను. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు ప్రకారము సెషన్సు విచారణ జూరీతోగాని, అసెసర్ల సాయముతోగాని జరుగవలెను. జిల్లాలో నివసించు 21 మొదలు 60 ఏండ్లలోపు పురుషులందరును ఈ సేవకు బాధ్యులు. వైద్యులు, పోలీసువారు, అర్చకులు మున్నగువారికి మినహాయింపు కలదు. సెషన్సు జడ్జియు కలెక్టరును గూడి యేటేట జాబితా వ్రాసి, ఆక్షేపణలు విని, దానిని సవరించెడివారు. విచారణకు ముందు బహిరంగ న్యాయస్థానమున చీటీలు తీసి, కావలసిన సంఖ్యకు కనీసము రెట్టింపు మందికి సమనులు పంపవలెను. ఆరు నెలలలోపు పనిచేసినవారిని సాధారణముగా మరల పిలువరాదు. కారణము లేక రానివానికి నూరు రూపాయలవరకు జుల్మానా. చెల్లింపనిచో పదునైదు దినములవరకు సివిలు జైలు.

ఈ యేర్పాటున రెండు లోపములు ప్రస్ఫుటములు. జాబితాకెక్కుటకు తగినవాడెవడో నిర్ణయించువారు అధికారులే. స్త్రీలకు అందు చోటేలేదు. స్త్రీ నిందితురాలై బోనులో నిలువవచ్చును, సాక్షిణియై ప్రమాణము చేయవచ్చును. తీర్పున మాత్రము ఆమె మాటకు తావులేదు! ఇక అసెసర్ల గతి మరియు విచిత్రము. పని మానుకొని, బండి కట్టించుకొని వచ్చి, దినములకొలది కూర్చుండి వారు చెప్పిన యభిప్రాయమునకు జడ్జి బద్ధుడు కాడు. రాకున్న శిక్ష కలదు. వచ్చి చెప్పినను విలువలేదు. జూరీతో జడ్జి విభేదించినచో కేసును హైకోర్టుకు నివేదించు పద్ధతియైన నుండెను.

1955 నాటి సవరణ చట్టము అసెసర్లను తొలగించెను. అప్పుడు కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని. 1973 నాటి క్రొత్త కోడు 1974 ఏప్రిలులో అమలునకు రాగా సెషన్సు విచారణలలో జూరీయు లేకపోయెను. లంచమునకును, పక్షపాతమునకును లోనగునని జూరీపై వేసిన నింద నిరాధారమని చెప్పజాలము. కాని లోపమును దిద్దుట వేరు, గృహస్థుని న్యాయపీఠమునుండి లేపి పంపుట వేరు. పిలుపు పోయినదిగాని, పౌరుని బాధ్యత పోలేదు. 2022లో నంద్యాల జిల్లా వేరుపడినది. న్యాయస్థానపు తలుపులు సామాన్యముగా ప్రజలకు తెరచియుండవలెననియే నేటికిని చట్టము. సమను రాకున్నను స్త్రీపురుషులు పోయి, కూర్చుండి, న్యాయమెట్లు జరుగుచున్నదో చూచుట నేర్వవలెను. చూచువారు లేని సభలో ధర్మమునకు కావలి తక్కువ.