ఎస్సెక్సు ప్రభువు మరణము – ఆత్మహత్యా నిర్ణయ విమర్శ

ఆంగ్లదేశమున రెండవ చార్లెసు కాలపు సందిగ్ధవిషయములలో ఎస్సెక్సు ప్రభువగు ఆర్థరు కాపెల్ మరణ మొకటి. రాజద్రోహ మను నేరముపై 1683 జూలై 10వ తేదిని లండను టవరు కోటలోఁ జెఱఁబెట్టఁబడిన యీతఁడు 13వ తేది ప్రాతఃకాలమున మంగలకత్తిచేఁ గంఠము తెగి మృతుఁడై కానవచ్చెను. మఱునాఁడు కారొనరు సమక్షమున జూరీవారు దీనిని ఆత్మహత్యగా నిర్ణయించిరి.

ఈ తేదులు గమనింపఁదగినవి. ఆ 13వ తేదినే యాతని మిత్రుఁడగు విలియము రస్సెలు ప్రభువుపై విచారణ జరుగుచుండెను. ఎస్సెక్సు గొంతు కోసికొనె నను వార్త న్యాయస్థానమునకుఁ జేరఁగా, ప్రభుత్వపక్షమున వాదించిన జెఫ్రీసు దానిని అపరాధమునకు గుఱుతుగాఁ జూపెను. అనఁగా శవవిచారణ జరుగకముందే ఆత్మహత్య యనుమాట సాక్ష్యమువలె వాడఁబడినది. రస్సెలు దోషిగా నిర్ణయింపఁబడి 21వ తేదిని శిరశ్ఛేదము పొందెను.

సంశయమునకు వేఱు హేతువులును గలవు. ఆ యుదయమున రాజును, ఆతని తమ్ముఁడు యార్కు ప్రభువును టవరునకు వచ్చియుండిరి. జూరీవారు చూచుటకుముందే శవమును గడిగి వస్త్రములు తొలఁగించిరని లారెన్సు బ్రాడన్ వ్రాసెను. నెత్తురంటిన కత్తి కిటికీనుండి పడఁగాఁ జూచితి నని యొక బాలుఁడును, అట్లే యొక బాలికయుఁ జెప్పిరి. ఈ మాటలను బరిశీలింపఁ బూనిన బ్రాడన్ తప్పుడు సాక్ష్యము పుట్టింపఁజూచె నను నేరమునకు లోనై, 1684లో 2,000 పౌనుల జుల్మానా పొందెను. అప్పటి ప్రధానన్యాయాధిపతి యా జెఫ్రీసే!

అయినను ప్రతిపక్షము దుర్బలము కాదు. బాలుఁడు తన మాట యసత్య మని పిదప నొప్పుకొనెను. ఎస్సెక్సు విషాదశీలుఁడని ప్రసిద్ధి. రాజపక్షమునకు మిత్రుఁడు కాని బర్నెటు సైతము ఆత్మహత్యనే నమ్మెను. 1688 నాఁటి పరివర్తనానంతరము, హత్య యని తేల్చుట క్రొత్త ప్రభుత్వమునకు ననుకూలమైన కాలమున, ప్రభుసభవారి విచారణసంఘము 1689లో సాక్షుల నడిగియు హత్యను స్థాపింపలేదు.

కావున నిట రెండు ప్రశ్నలను వేఱుపఱుపవలయును. నిర్ణయము సక్రమముగాఁ జేయఁబడెనా యనునది యొకటి; ఆ నిర్ణయము సత్యమా యనునది వేఱొకటి. మొదటిదానికి సంశయములేక కాదని చెప్పవచ్చును. దానినుండి హత్యను సాధించుట తర్కవిరుద్ధము. కాని ప్రశ్నించినవానిని దండించుటచేతఁ బ్రభుత్వము తన నిర్ణయము సత్యమే యైనను నమ్మఁదగనిదిగాఁ జేసికొన్నది. సంశయము నేఁటికిని నిలిచియుండుటకు నిదియే ముఖ్యకారణము.